నిద్రపోని బట్టీ

"పార కింద పెట్టండి! ఎవరూ కదలొద్దు!" అని అరిచారు డాక్టర్ నీరద.

తడిమట్టి తట్ట నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో పార పట్టుకుని వస్తున్న మాలకొండయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. మట్టినీళ్లు అతని చెవుల మీదుగా కారుతున్నాయి. ముందున్న తల్లి చెంచమ్మ వంక ఒకసారి, టేబుల్ దగ్గరున్న డాక్టర్ వంక ఒకసారి చూశాడు. ఎవరి మాట వినాలో అతనికి తెలియలేదు.

బట్టీకి నిప్పు పెట్టి అది ఐదో రోజు. మన్నేటి ఒడ్డున నల్లదిబ్బ అనే చిన్న పల్లె బయట, సర్కారు తుమ్మల నడుమ, ఇంటి కప్పంత ఎత్తున మట్టి పూసిన కట్టెల కుప్ప ఉంది. దాని ఒంటి నిండా నలభై స్టీలు సూదులు గుచ్చి ఉన్నాయి. ఒక్కో సూది నుంచి ఒక్కో వైరు బయలుదేరి, చెట్టుకింద టేబుల్ మీదున్న పెట్టెలోకి పోతోంది. పల్లెలో వాళ్లు ఆ సూదులకు చెవిపుల్లలని పేరు పెట్టారు.

"ఇంకా మూడు రోజుల రికార్డింగ్ ఉంది, చెంచమ్మ గారూ. ఇప్పుడు పారతో దబదబా కొడితే ఆ చప్పుడు నలభై సెన్సర్లలోనూ పడుతుంది. స్క్రీన్ చూడండి. అంతా పచ్చగానే ఉంది కదా!"

చెంచమ్మ స్క్రీన్ చూడలేదు. అరవై ఆరేళ్ల మనిషి. పొయ్యి ఊదుకునే ఇనుప గొట్టాన్ని ఒక కొస బట్టీ ఒంటికి ఆనించి, రెండో కొస తన చెవికి పెట్టుకుని ఉంది.

"నీ పెట్టెలో పచ్చగానే ఉండాదిలే తల్లీ. ఉత్తరం పక్క లోపల గుల్లయింది. అడ్డం లే."

"గుల్లయితే శబ్దం రావాలి కదా?"

"రాకపోబట్టే చెప్తుండా. పొద్దుటి దాకా ఆ పక్క చిటుక్కు చిటుక్కుమంటా ఉన్నింది. ఇప్పుడు నోరు మూసుకుంది. వసపిట్టలా వాగే పిల్ల ఉన్నట్టుండి గమ్మునుంటే తల్లి లేచి చూడదా?"

నీరద ఏదో అనబోయారు. అంతలో బట్టీ ఉత్తరం వైపు మట్టి, చేత్తో నొక్కినట్టు, జానెడు లోపలికి కుంగింది. కుంగినచోట చీలిక వచ్చింది. చీలికలోంచి ముందు తెల్లటి పొగ, దాని వెనకే వేలెడు మంట.

పైన తిరుగుతున్న డ్రోన్ వెంటనే కిందికి దిగింది. నల్లదిబ్బ వాళ్లు దాన్ని గద్ద అంటారు. అది మర్యాదగా మాట్లాడే గద్ద. "దయచేసి గమనించండి. పొగ పరిమితి దాటింది. మూడు నిమిషాల్లో తగ్గనట్లయితే నురుగు చల్లి నిప్పును ఆర్పడం జరుగుతుంది. మినహాయింపు రద్దవుతుంది. రెండు నిమిషాల యాభై సెకన్లు."

మినహాయింపు అన్న మాట వినగానే మాలకొండయ్య ఇక ఎవరినీ చూడలేదు. పక్కనున్న చెక్క పలకను బట్టీ మీద అడ్డంగా పడేసి, దానిమీద బోర్లా పడుకుని, పాకుతూ పైకి పోయాడు.

"ఎడమకి రా! ఇంకా ఎడమకి! ఆడ కాలు పెట్టబాక, కింద బొగ్గే లేదు!" చెంచమ్మ గొట్టం చెవి నుంచి తీయకుండానే చెప్తోంది.

"రెండు నిమిషాలు," అంది గద్ద.

"ఇంకో తట్ట!" అని పైనుంచి కేకేశాడు మాలకొండయ్య. అందించేవాళ్లు లేరు. మిగతావాళ్లను చప్పుడవుతుందని నీరదే పొద్దున పల్లెలోకి పంపేశారు. పలక ఒక పక్కకు ఒరిగింది. అతని మోకాలు మట్టిలోకి దిగిపోయింది. వెనక్కి లాక్కున్నాడు. పంచె అంచు పొగలు కక్కుతోంది.

నీరద టేబుల్ వదిలి పరుగెత్తారు. జీవితంలో మొదటిసారి తట్ట ఎత్తారు. సగం అడుసు తన చీర మీదే పోసుకుని, మిగతా సగం పైకి అందించారు. ఇంకొకటి. ఇంకొకటి. మాలకొండయ్య చేతులతోనే చీలికను మెత్తాడు, చంటిబిడ్డ ఒంటికి నలుగు పెట్టినట్టు. పారతో కొట్టలేదు. కొడితే మొత్తం కూలేది.

"ఇరవై సెకన్లు," అంది గద్ద.

పొగ సన్నబడింది. గద్ద కాసేపు అక్కడే రెక్కలాడించి, "ధన్యవాదాలు" అని పైకి పోయింది.

"ధన్యవాదాలంట," అన్నాడు మాలకొండయ్య కాలిన మోకాలు ఊదుకుంటూ. "దీని మొగం మండ."

నీరద స్క్రీన్ ముందుకు పోయి నిలబడ్డారు. ఉత్తరం వైపు సెన్సర్లు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి. కూలబోయే క్షణం దాకా అవి ఏమీ వినలేదు. వినలేదు కాబట్టే అంతా బాగుందని చెప్పాయి.

ఇక్కడ కాస్త ఆగి రెండు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి బట్టీ సంగతి, రెండోది యంత్రం సంగతి.

కట్టెను గాలిలో కాలిస్తే బూడిద మిగులుతుంది. గాలి అందకుండా కాలిస్తే బొగ్గు మిగులుతుంది. బొగ్గుల బట్టీలో ఉన్న శాస్త్రమంతా ఇంతే. కట్టెలు పేర్చి, పైన పచ్చి ఆకు కప్పి, దానిమీద తడిమట్టి మెత్తుతారు. అడుగున చిన్న చిన్న కంతలు వదులుతారు. నిప్పు పెట్టాక ఎనిమిది రోజులు లోపల కట్టె కాలదు, ఉడుకుతుంది. ఎక్కడ కంత పెద్దదైనా, ఎక్కడ మట్టి చీలినా గాలి దూరి అంతా మండిపోతుంది. అందుకే నల్లదిబ్బలో బట్టీని బాలింత అంటారు. గాలి సోకనివ్వరు. ఒంటరిగా వదలరు.

వాళ్లకు ఇంకో ఆచారం ఉంది. బట్టీకి ఎవరి చెయ్యి నిప్పు పెడుతుందో, ఆ మనిషి బట్టీ నిద్రపోయేదాకా, అంటే లోపలి నిప్పు ఆరి చప్పుడు పూర్తిగా ఆగేదాకా, తన ఇంటి గడప దాటి లోపలికి పోకూడదు. పొయ్యి మీద వండింది తినకూడదు. నానబెట్టిన పెసలు, అటుకులు, మజ్జిగ, అంతే. తన నిప్పు బట్టీకి ఇచ్చేసింది కాబట్టి ఇంకో నిప్పు ముట్టకూడదని వాళ్ల లెక్క. ఇంట్లో పడక, వేడి కూడు గుర్తొస్తే మనిషి బట్టీ దగ్గర కునుకు తీస్తుందని పెద్దలు పెట్టి ఉంటారని మనం అనుకోవచ్చు.

ఇక యంత్రం. ఉడికే కట్టె కుంచించుకుపోతూ చిట్లుతుంది. ఒక్కో చిట్లుకు ఒక్కో శబ్దం. వాటిలో చాలా భాగం మనిషి చెవికి అందవు. నీరద సూదులు వాటన్నిటినీ వింటాయి. నలభై సూదులకూ ఆ శబ్దం చేరే సమయంలో ఉండే తేడాను బట్టి అది ఎక్కడ పుట్టిందో లెక్క కడతాయి. ఆ లెక్కలన్నీ నేర్చుకున్న కంప్యూటర్ మోడల్, రాజధానిలో కట్టిన ఒక గుండ్రటి మట్టిగదిలో, గోడల్లో దాచిన ఆరువందల స్పీకర్ల నుంచి అదే బట్టీని మళ్లీ వినిపిస్తుంది. పొగ లేదు. వేడి లేదు. కళ్లు మూసుకుంటే మాత్రం బట్టీ మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది. దానికి శబ్దబట్టీ అని పేరు పెట్టారు. నీరద సగం శాస్త్రవేత్త, సగం కళాకారిణి. పోయిన పడవల తెడ్ల చప్పుడునూ, మూతపడిన గానుగ మూలుగునూ ఆవిడ అంతకుముందే అలా నిలబెట్టారు.

నిర్మల వాయు చట్టం వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. రాష్ట్రంలో పొగ నేరం. నల్లదిబ్బకు మాత్రం ఏడాదికి ఒక్క బట్టీ చొప్పున వారసత్వ మినహాయింపు ఉంది. ఆ ఒక్క బట్టీ కోసమే చెంచమ్మ నీరదను ఊళ్లోకి రానిచ్చింది.

"నీ చెవిపుల్లలు గుచ్చుకో. నాకేం పోయింది?" అంది మొదటిరోజే. "నాకు కావాల్సింది ఒకటే. మా వాడి చెయ్యి బాగుంది, చెవి ఇంకా పండలేదు. పండాలంటే ఇంకా ఆరేడు బట్టీలు కావాల. ఏడాదికొకటే గదా. నేను ఉండంగానే అయిపోవాల."

"ఇది రికార్డయితే దేశమంతా మీ పని వింటుంది. మీ బట్టీని మీ దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు," అన్నారు నీరద. "నాదీ మాట."

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే ఇచ్చారు.

ఎనిమిదో రోజు పొగ నీలంగా మారి, సన్నబడి, ఆగింది. చెంచమ్మ అడుగు కంతలన్నీ మూయించి గొట్టం పట్టుకుని కూర్చుంది. అది బట్టీ నిద్రపోయే వేళ. గంట గడిచింది. ఎక్కడో ఒక చిటుక్కు. మూడు గంటలకు ఇంకొకటి. ఆపైన ఏమీ లేదు. అలా పంతొమ్మిది గంటలు కూర్చుని, "పడుకుంది" అని లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయి గడప దాటింది.

బట్టీ విప్పితే బొగ్గు కంచులా ఖంగున మోగింది.

నీరద రాజధానికి వెళ్లి నాలుగు నెలలు ఎడిటింగ్ గదిలో గడిపారు. రికార్డింగ్‌లో చెంచమ్మ దగ్గులు నాలుగువందల పన్నెండు ఉన్నాయి. పొగలో బతికిన మనిషి కదా. వాటిని మీట నొక్కి తీసేశారు. మాలకొండయ్య తిట్లు తీసేశారు. గద్ద మాటలు తీసేశారు. ఇక చివరి పంతొమ్మిది గంటలు. స్క్రీన్ మీద చూస్తే సాపుగా ఒక గీత. అక్కడక్కడ నలకంత చుక్క. మోడల్‌కు ఇందులో నేర్పడానికి ఏముంది అనుకున్నారు. ఆ భాగాన్ని ఖాళీ అని గుర్తు పెట్టారు. ఖాళీ అని గుర్తు పెట్టిన ఫైళ్లను వారసత్వ మండలి కంప్యూటర్ తొంభై రోజుల తరవాత తనంతట తానే చెరిపేసింది.

శబ్దబట్టీ ప్రారంభోత్సవానికి చెంచమ్మనూ, మాలకొండయ్యనూ కారులో తీసుకెళ్లారు. మండలి అధికారి పురంధర్ గారు శాలువా కప్పి, గోడ మీది ఎర్ర మీట చూపించారు.

"అమ్మా, మీ చేతుల మీదుగానే దీనికి నిప్పు పెట్టాలి."

"నిప్పేనా?" అని రెట్టించి అడిగింది చెంచమ్మ.

"నిప్పే అనుకోండి."

ఆవిడ చీర కొంగు నడుముకు దోపి, మీటకు దండం పెట్టి, నొక్కింది.

గది ఉడకడం మొదలుపెట్టింది. ముందు అడుగున, తరవాత పక్కల, ఆ తరవాత నెత్తిమీద. వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టారు. మాలకొండయ్య తెలియకుండానే గాలి కంతల కోసం గోడ అడుగున తడిమి చూశాడు. అది చూసి నీరద కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు పురంధర్ గారు మైకు ముందుకొచ్చి కాగితం చదివారు. ఆయన చెడ్డవాడు కాదు. ఫైలులో ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి. "వృత్తి భద్రపడే వరకు మాత్రమే మినహాయింపు అని చట్టం చెబుతోంది. ఈ రోజుతో బొగ్గుల బట్టీ సంపూర్ణంగా భద్రపడింది. కనుక నల్లదిబ్బ మినహాయింపు నేటితో ముగిసింది. అందరికీ అభినందనలు."

చప్పట్లు కొట్టారు. నీరద చేతులు కలవలేదు.

"సార్, ఇది నాకు ముందే చెప్పలేదు."

"మీరు అడగలేదు మేడమ్. రెండో పేజీలోనే ఉంది."

మాలకొండయ్య ముందుకొచ్చాడు. "డాక్టరమ్మా, నువ్వేమంటివి? ఎవరూ తీసుకోలేరంటివే! తీసుకోవడానికి నువ్వే సంచీ కుట్టి ఇచ్చినావా?"

జవాబు చెంచమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆవిడ గది నడుమ చాప పరుచుకుని కూర్చుంది. సంచిలోంచి ఊదుగొట్టం తీసి గోడకు ఆనించి, చెవి పెట్టింది.

"అరవబాకరా కొండయ్యా. కొత్త బట్టీ. ఉత్తరం పక్క ఏమంటుండాదో విననీ."

"అమ్మా, ఇంటికి పోదాం లే."

"ఎట్టా పోతాం? నిప్పు పెట్టింది నా చెయ్యి. అది పడుకోనీ, పోదాం."

అందరూ నవ్వారు. మొదటి రెండు రోజులు పేపర్లు కూడా నవ్వాయి. చూడటానికి వచ్చేవాళ్లు రెట్టింపయ్యారు. పురంధర్ గారు సంతోషించి ఆవిడకు ఫ్యాను, దిండు పంపారు. క్యాంటీన్ నుంచి వేడి ఇడ్లీ పంపితే వెనక్కి వచ్చింది. మాలకొండయ్య బజారులో పెసలు కొని నానబెట్టాడు.

ఎనిమిదో రోజుకు చెంచమ్మ నిటారుగా కూర్చుంది. "ఇక సద్దుమణగాల," అంది. గది సద్దుమణగలేదు. మోడల్‌కు ఐదో రోజు తెలుసు, ఆరో రోజు తెలుసు, ఏడో రోజు తెలుసు. ఏడు తరవాత దానికి తెలిసింది మళ్లీ ఐదు. కాకపోతే ఏ చిట్లూ పాత చిట్లులా ఉండదు. ఎంత సేపైనా కొత్తగా పుట్టించుకుంటూ పోగలదు. అదే దాని గొప్పతనమని నీరద బహుమతి కూడా అందుకున్నారు.

పదో రోజు చెంచమ్మ గొట్టాన్ని గోడకు ఇంకో చోట ఆనించింది. "దీనికేందో రోగం," అంది. "ఉడికిందే ఉడుకుతుండాది. ఇంత బొగ్గు ఎక్కడిదిరా దీని కడుపులో?"

పదకొండో రోజు డాక్టరు వచ్చి బీపీ చూసి, "ఇంకో మూడు రోజులు ఇలాగే ఉంటే నేను బాధ్యుణ్ణి కాను," అని పురంధర్ గారికి రాసి ఇచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం నీరద చెంచమ్మ ముందు నేల మీద కూర్చున్నారు. "అవ్వా, ఇది యంత్రం. దీనికి నిద్ర రాదు. నేను నేర్పలేదు. చివరి పంతొమ్మిది గంటలూ ఖాళీ అనుకుని కోసేశాను."

చెంచమ్మ గొట్టం చెవి నుంచి తీయకుండానే అంది.

"మొత్తం బట్టీలో నాకొక్కదానికే వినపడేది అదే గదా తల్లీ. మిగతాదంతా ఎవురికైనా వినపడుద్ది."

నల్లదిబ్బలో బట్టీ కుంగిన ఆ ఐదో రోజు సంగతి నీరదకు గుర్తొచ్చింది. సూదులు శబ్దాలను లెక్కపెట్టాయి. ఈవిడ, రావలసిన శబ్దం రాకపోవడాన్ని విన్నది. ఆ రోజు చీర నిండా అడుసు పూసుకుని కూడా ఆ పాఠం తలకెక్కలేదు.

"పాత ఫైలు తీయండి," అన్నారు పురంధర్ గారు.

"లేదు సార్. మీ కంప్యూటర్ చెరిపేసింది."

"అయితే ఏముంది, స్విచ్ ఆపేద్దాం. నిశ్శబ్దమే కదా కావాలి!"

నీరద వద్దంటూనే ఉన్నారు. ఆయన ఎర్ర మీట పైకి నెట్టారు. గది ఒక్కసారిగా మూగబోయింది. చెంచమ్మ చెవి నుంచి గొట్టం జారి కింద పడింది. దెబ్బ తగిలినదానిలా ముందుకు వంగిపోయింది.

మాలకొండయ్య తల్లిని పట్టుకున్నాడు. "ఏం జేసినారు సారూ! బతికుండే బట్టీ మీద నీళ్లు పోస్తే అట్టా ఉంటుంది. మా తాత కాలంలో ఒక్కసారి అట్టా జరిగింది."

"మరి... ఇప్పుడు ఇంటికి పోవచ్చు కదా?"

చెంచమ్మ తలెత్తింది. మాట సన్నగా వచ్చింది. "ఎట్టా పోతా నాయనా? చంపిన బట్టీకి బదులు ఇంకో బట్టీ నిద్రపోవాల. అప్పుటిదాకా నా గడప నాకు లేదు. అన్నమూ లేదు."

పురంధర్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. కాపాడాల్సిన వారసత్వం తన గదిలో, తన మీట కింద, పెసలు తింటూ కృశించిపోతోంది. ఈ సంగతి ఏ కాలమ్‌లో రాయాలో ఆయనకు తోచలేదు.

నీరద అదే అదనుగా లేచారు.

"సార్, భద్రపడేవరకు మినహాయింపు ఉందన్నారు. ఇది భద్రపడలేదు. చివరి పంతొమ్మిది గంటలు మన దగ్గర లేవు. నల్లదిబ్బలో ఇంకొక్క బట్టీ కాలిస్తే తప్ప రావు."

ఆయన రెండో పేజీ తీసి రెండుసార్లు చదివారు. "ఒక్కటే," అన్నారు. "నేను స్వయంగా వచ్చి కూర్చుంటాను. పంతొమ్మిది గంటలు ఏ లోపమూ లేకుండా రికార్డవ్వాలి. అయిన మరుక్షణం ఫైలు మూసేస్తాను."

చెంచమ్మను అంబులెన్సులో పల్లెకు తెచ్చారు. తన ఇంటి ముందు నుంచే తీసుకెళ్లారు. ఆవిడ గడప వైపు చూడలేదు. మాలకొండయ్య రెండు రోజుల్లో చిన్న బట్టీ పేర్చాడు. తల్లి నిప్పు పెట్టింది. ఐదో రోజు, ఆరో రోజు గొట్టాన్ని ఎక్కువసేపు కొడుకు చెవికే ఇచ్చింది. "చెప్పు, ఏమంటుండాది?" అని అడిగేది. అతను చెప్పేవాడు. నాలుగు చెబితే మూడు తప్పులు.

"ఒకటి ఒప్పయింది గదా," అనేది చెంచమ్మ. "ఇంకా ఆరు బట్టీలుంటే..." అని మధ్యలో ఆపేసేది.

ఎనిమిదో రోజు ఉదయం పొగ ఆగింది. నిద్ర మొదలయింది. పల్లెలో కుక్కల్ని ఏటి అవతలికి తోలారు. పిల్లల్ని బడిలోనే కూర్చోబెట్టారు. గద్దను కూడా పురంధర్ గారు ఫోన్ చేసి దింపించారు. ఆయన కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. పదో గంట దాటాక విసుగొచ్చి, సైగ చేసి చెంచమ్మ దగ్గర గొట్టం అడిగారు. చెవికి ఆనించారు. మొదట ఏమీ లేదు. చాలాసేపటికి, ఎక్కడో చాలా లోపల, నిద్రలో బిడ్డ చప్పరించినంత చిన్న చిటుక్కు. ఆయన గొట్టం వెంటనే తిరిగి ఇవ్వలేదు.

పద్నాలుగు గంటలు. పదహారు. తెల్లవారింది. నీరద హెడ్‌ఫోన్ పెట్టుకుని గీత వంక చూస్తున్నారు. ఆవిడ జీవితంలో ఇంత శుభ్రమైన రికార్డింగ్ లేదు. చెంచమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా బిగబట్టింది. డాక్టరమ్మ పని చెడకూడదని.

అది నీరద చూశారు.

పద్ధెనిమిది గంటల నలభై నిమిషాలు. ఇంకో ఇరవై నిమిషాలైతే బట్టీ సంపూర్ణంగా భద్రపడుతుంది. మాలకొండయ్య మోకాళ్ల మీద కూర్చుని తన అరచేతుల్ని చూసుకుంటున్నాడు. పురంధర్ గారు ఫైలు విప్పి కలం మూత తీశారు.

పద్ధెనిమిది గంటల నలభై ఆరు నిమిషాలు.

నీరద దగ్గారు.

చిన్న దగ్గు కాదు. నలభై సూదులూ ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. స్క్రీన్ మీద గీత తాటిచెట్టంత లేచింది. మాలకొండయ్య తలెత్తాడు. పురంధర్ గారి కలం కాగితానికి అంగుళం ఎత్తులో ఆగింది.

చెంచమ్మ కదల్లేదు. గొట్టం చెవికే ఉంది. మిగిలిన పద్నాలుగు నిమిషాలూ విని, "పడుకుంది" అని లేచింది. కొడుకు భుజం పట్టుకుని ఇంటికి నడిచి గడప దాటింది. కోడలు వేడి అన్నం పెట్టింది.

బయట పురంధర్ గారు అడిగారు. "మేడమ్, దగ్గును తీసేయలేరా? పోయినసారి ఏదో నాలుగువందలు తీశానని రిపోర్టులో రాశారు."

"అవి చిటపటల మధ్య దగ్గులు సార్. చుట్టుపక్కల శబ్దం తెచ్చి ఆ కంత పూడ్చొచ్చు. నిశ్శబ్దంలో దగ్గును తీస్తే గొయ్యి మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి నా దగ్గర ఏమీ లేదు." నీరద ఆయన కళ్లలోకి చూడలేదు. "వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించాలి."

ఆయన కాసేపు బట్టీ వంక చూసి, అసంపూర్ణం అని రాసి, సంతకం పెట్టారు.

అప్పటినుంచి ఏడాదికి ఒక్క బట్టీ కాలుతోంది. రాజధానిలో శబ్దబట్టీ తలుపుకు తాళం ఉంది, సంపూర్ణమైన రికార్డింగ్ కోసం వేచి ఉన్నట్టు బోర్డు ఉంది. రెండో ఏడు దగ్గు మాలకొండయ్యకు వచ్చింది. మూడో ఏడు అతని భార్యకు. నాలుగో ఏడు మళ్లీ నీరదకు. దేశంలోకెల్లా సన్నని చెవులున్న ఆ యంత్రం ప్రతి ఏడూ పద్ధెనిమిది గంటల పైచిలుకు నిశ్శబ్దం విని, ఒక దగ్గు దగ్గర ఆగిపోతోంది.

పోయిన ఏడు ఏడో బట్టీ. గొట్టం మొత్తం ఎనిమిది రోజులూ మాలకొండయ్య చేతిలోనే ఉంది. చెంచమ్మ కళ్లు మూసుకుని పక్కన కూర్చుంది. చివరి రోజు ఆవిడకు నీరసంగా ఉంది. విమానం ఆలస్యమై నీరద రాలేదు, సహాయకులను పంపారు. వాళ్లకు ఏమీ తెలియదు, నోళ్లకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. కోడలు కాన్పుకని పుట్టింటికి పోయింది. మాలకొండయ్య లోపలి నిద్రలో ఎంతగా మునిగిపోయాడంటే, తను ఏం చేయాలో మరిచిపోయాడు. పద్ధెనిమిది గంటల యాభై నిమిషాలు. యాభై ఐదు. యాభై ఎనిమిది.

కుర్చీలోంచి దగ్గు వినిపించింది.

"పడుకుందమ్మా," అన్నాడు మాలకొండయ్య రెండు నిమిషాల తరవాత.

చెంచమ్మ గొట్టం అడగలేదు. లేచి, కుర్చీ వైపు ఒకసారి చూసి, "ఈ ఊరి గాలి పడలేదేమో సారుకి. కొంచెం మిరియాల కషాయం కాచి ఇయ్యండి," అని చెప్పి, కొడుకు వెనకాలే ఇంటికి పోయింది.

పురంధర్ గారు ఫైలు విప్పారు. రికార్డింగ్‌లో లోపం అన్న చోట కాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాశారు: గుర్తు తెలియని దగ్గు.